తరగతిలో కొరియా: డ్రామా దగ్గర మొదలుపెట్టి, డ్రామా దగ్గరే ఆగిపోతే ఎలా?

పోయిన నెల ఇదే పేజీలో ఒక మాట రాశాను. బళ్ళో ‘కొరియా దినం’ అంటూ పిల్లలకి అద్దె బట్టలు తొడిగి ఫొటోలు తీస్తే అది పాఠం కాదు, పెళ్ళి ఆల్బమ్ అని. దానికి వచ్చిన ఉత్తరాల్లో తిట్లు తీసేస్తే మిగిలినవన్నీ మంచి ప్రశ్నలే. నా సంగతి తెలియనివాళ్ళకి: పుట్టింది తెనాలి, బి.ఇడి. గుంటూరు, పాఠాలు చెప్పేది అమెరికాలో, ఉత్తర వర్జీనియాలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో. సబ్జెక్టు ప్రపంచ చరిత్ర. నా తరగతుల్లో కొరియా మూలాలున్న పిల్లలు ఎప్పుడూ ఉంటారు. నోటికొచ్చింది చెబుదామంటే పట్టుకునేవాళ్ళు ముందు బెంచీలోనే కూర్చుంటారన్నమాట.

ప్రశ్న: మాది పెనుకొండ దగ్గర జిల్లాపరిషత్ హైస్కూలు. కియా కంపెనీ వచ్చాక మా దారిలో కొరియా అక్షరాల బోర్డులు మామూలైపోయాయి. ‘ఆ సున్నాలూ గీతలూ ఏంటి సార్’ అని పిల్లలు అడుగుతున్నారు. హెడ్మాస్టరుగారు రెండు పీరియడ్లు ఇచ్చారు. ప్రొజెక్టర్ లేదు, డబ్బుల్లేవు. ఏం చెప్పమంటారు?
— సోషల్ ఉపాధ్యాయుడు, శ్రీ సత్యసాయి జిల్లా

ఆ సున్నాలూ గీతలే చెప్పండి సార్. కొరియా గురించి అంతకంటే మంచి మొదటి పాఠం నాకు తెలీదు. సుద్దముక్క తప్ప ఖర్చు కూడా లేదు.

ముందు కథ, నాలుగు ముక్కల్లో. 1443 దాకా కొరియాలో చదువంటే చైనా అక్షరాలే. వేలకొద్దీ నేర్చుకుంటే గానీ ఒక అర్జీ రాసుకోలేరు. అంత తీరిక దొరల ఇళ్ళలో పిల్లలకే ఉండేది. సెజోంగ్ అనే రాజు 28 అక్షరాలు తయారుచేసి 1446లో ఒక పుస్తకంతో లోకానికి ప్రకటించాడు. చెప్పుకోవాల్సింది ఉన్నా రాసి చెప్పలేని జనాన్ని చూసి జాలిపడి ఈ పని చేశానని ముందుమాటలో తనే అన్నాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 24. తెలివైనవాడికి ఒక పూట, మొద్దుకి పదిరోజులు చాలునని ఆ పుస్తకం చివర ఒక పండితుడు రాశాడు. మీ పిల్లలకి రెండు పీరియడ్లు చాలు, పూచీ నాది.

ఇప్పుడు బోర్డు దగ్గరికి రండి. పిల్లలందరినీ ‘న్’ అని పలికి అలాగే పట్టి ఉంచమనండి. నాలుక కొన ఎక్కడుంది? పైపళ్ళ వెనక. నిలువుగీత ఒకటి కిందికి దించి కుడికి తిప్పండి. ఎడమవైపు తిరిగి ఉన్న మనిషి నోట్లో ఆ నాలుక బొమ్మ అదే, వాళ్ళ ‘న’ అదే. ‘గ్’ అనమనండి. ఈసారి నాలుక మొదలు లేచి గొంతుకి అడ్డం పడుతుంది. ఒక అడ్డగీత గీసి దాని కుడి చివర నుంచి కిందికి దించితే ‘గ’. మూసిన నోరు చదరం, అది ‘మ’. గొంతు సున్నా. ఆ సున్నా పలుకు మొదట్లో ఉంటే మౌనం, చివర ఉంటే మన ‘అంగడి’లో సున్నా ఎలా మోగుతుందో అలా మోగుతుంది. ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడండి.

ఇంకోటుంది. ‘గ’కి ఒక గీత చేరిస్తే ఊపిరి ఒత్తి పలికే ‘ఖ’ వస్తుంది. ‘న’ మీద గీత పెడితే ‘ద’, ఇంకో గీత పెడితే ‘థ’. మనం ‘ద’ కింద చిన్న గీత పెట్టి ‘ధ’ చేస్తాం, ‘ప’ని ‘ఫ’ చేస్తాం, ‘చ’ని ‘ఛ’ చేస్తాం కదా, అదే కిటుకు. తెలుగు పిల్లలకి ఇది అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే. అమెరికా పిల్లలకి చెప్పడానికే నాకు చెమటలు పడతాయి.

అక్షరాలు వరసగా నిలబడవు. ఒక పలుకుకి ఒక పెట్టె. అందులో హల్లు, అచ్చు, అవసరమైతే అడుగున ఇంకో హల్లు. మన వత్తు తర్వాత వచ్చే అచ్చుని పట్టుకుని పలుకుతుంది, వాళ్ళ అడుగు హల్లు ఆ పలుకుని అక్కడికక్కడ మూసేస్తుంది. ఆ తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు. తర్వాత ఎవరి పేరు వాళ్ళు రాసుకోమనండి. శ్రీనివాస్ ఐదు పెట్టెలవుతాడు, మధ్యలో ‘వ’ కాస్తా ‘బ’ అవుతుంది. రమకీ లతకీ మొదటి అక్షరం ఒకటే, ఎందుకంటే ‘ర’, ‘ల’ వాళ్ళకి ఒకే అక్షరం. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. మన పేర్లు వాళ్ళ నోట ఎలా తిరుగుతాయో తెలిస్తే, వాళ్ళ పేర్లు మన నోట ఎంత నలుగుతున్నాయో కూడా తెలుస్తుంది.

పది నిమిషాలు మిగిలితే తరగతిని రెండు జట్లు చేయండి. 1444లో ఛ్వే మల్లి అనే ఆస్థాన పండితుడూ ఆయన తోటివాళ్ళూ రాజుకి ఘాటుగా అర్జీ పెట్టారు. చైనా అక్షరాలు వదిలి సొంత రాత పెట్టుకుంటే మనమూ అనాగరికుల్లో కలిసిపోతాం, పెద్ద చదువు పాడైపోతుంది అని. ఒక జట్టు రాజు వైపు, ఇంకో జట్టు పండితుల వైపు వాదించాలి. ఏ మీడియంలో చదివించాలన్న గొడవ ఇంటింటా ఉన్న రాష్ట్రం మనది. ఆ వాదన పిల్లలకి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఎవరో ఒక పెద్దమనిషి లేచి ‘అది మన లిపి నుంచే పుట్టింది’ అంటారు. కాదు. కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని ధ్వనుల్ని విడదీసే పద్ధతి బౌద్ధులతోపాటు మన దేశం నుంచి చైనాకి వెళ్ళింది. చైనా ధ్వనిశాస్త్రం సెజోంగ్ క్షుణ్ణంగా చదివాడు. ఈ మాట వరకు నిక్షేపంగా చెప్పొచ్చు. అక్షరాల రూపం మాత్రం ఆయన సొంత బుర్ర.

రెండో పీరియడ్ చెట్టు కిందికి పదండి. వాళ్ళ ‘గోంగి’ అంటే ఐదు రాళ్ళు ఎగరేసి పట్టడం. మీ ఆడపిల్లలు చూడగానే ‘అచ్చనగిల్లలు!’ అంటారు. ‘యుత్ నోరి’కి ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రంగా ఉన్న నాలుగు పుల్లలు కావాలి. చదునువైపు పైకి పడ్డవాటిని బట్టి ఒకటి పంది, రెండు కుక్క, మూడు గొర్రె, నాలుగు ఎద్దు. నాలుగూ బోర్లా పడితే గుర్రం, ఐదు గళ్ళు. ఎద్దు, గుర్రం పడితే మళ్ళీ వేయొచ్చు. అష్టాచమ్మా ఆడినవాళ్ళకి నియమాలు నేర్పక్కర్లేదు. కొరియాలో దీన్ని కొత్త సంవత్సరం పండక్కి ఇంటిల్లిపాదీ ఆడతారు. కంపెనీలో పనిచేసే కొరియా ఉద్యోగులెవరైనా వస్తానంటే రమ్మనండి. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, ఆడటానికి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కొరియా డ్రామాలు (అదే, టీవీ సీరియళ్ళు), బీటీఎస్ బృందం పాటలు తప్ప లోకం లేదు. వాళ్ళ సోషల్ పుస్తకంలో చూస్తే కొరియా అంటే యుద్ధం గురించి రెండు పేరాలు. డ్రామా దగ్గర మొదలుపెట్టి చరిత్ర చెప్పడం తప్పా?
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

తప్పేం లేదమ్మా. అన్నం తినని పిల్లకి మనం చందమామని చూపించలేదా! కాకపోతే చందమామ దగ్గరే ఆగకూడదు.

మీ అమ్మాయి చూసే రాజాస్థానపు డ్రామాలు చాలావరకు జోసన్ వంశం నాటివి. ఆ వంశం 1392లో మొదలైంది. ఈసారి అలాంటిది చూస్తున్నప్పుడు రాజు వెనక ఒక మూల కాగితం పట్టుకుని వంగి కూర్చున్న మనిషిని చూపించండి. అతను చరిత్ర లేఖకుడు. రాజు ఏం చేసినా, ఏమన్నా రాయడమే అతని ఉద్యోగం. ఆ రాతల్లోంచి తయారైన జోసన్ రాజుల వృత్తాంతాలు 1,893 సంపుటాలు. 25 మంది రాజులు, 472 ఏళ్ళు. రాజు చనిపోయాకే ఆయన సంపుటం కూర్చేవారు. బతికున్న రాజుకి అది చదివే హక్కు లేదు.

1404లో టేజోంగ్ రాజు వేటకెళ్ళి గుర్రం మీంచి పడ్డాడు. లేచి చుట్టూ చూసి, ‘ఈ సంగతి లేఖకుడికి తెలియనివ్వకండి’ అన్నాడు. ఆ మాట కూడా లేఖకుడు రాసేశాడు! ఆరొందల ఏళ్ళ తర్వాత మనం నవ్వుకుంటున్నాం. నా తరగతిలో ఈ కథ చెప్పాక ఒక పిల్లనో పిల్లాడినో ఆ రోజుకి లేఖకుడిగా పెడతాను. నేనేం చేసినా రాయాలి, నాకు చూపించకూడదు. వారం తర్వాత చదివిస్తే, అదే పీరియడ్ గురించి ఇద్దరు లేఖకులు రాసినవి ఒకదానికొకటి పొంతన ఉండవు. చరిత్రకి ఆధారం అంటే ఏమిటో ఆ పూట నేను వేరే చెప్పను.

ఆ సంపుటాల్ని నాలుగు చోట్ల దాచేవారు. 1592లో జపాన్ దండెత్తినప్పుడు మూడు చోట్లవి నాశనమయ్యాయి. జోంజు పట్టణంలోని ప్రతిని ఇద్దరు స్థానిక పండితులు కొండల్లోకి మోసుకుపోయి కాపాడారు. అది లేకపోతే అంతకుముందు రెండొందల ఏళ్ళ చరిత్ర పోయేదే. డ్రామా రచయితలు ఇప్పటికీ ఆ సంపుటాల్లోంచే కథలు ఏరుకుంటారు. పెడదారి పడితే జనం ఊరుకోరు కూడా. 2021లో ఒక చారిత్రక సీరియల్లో జోసన్ కాలపు విందులో చైనా తిండి పెట్టారని పెద్ద రభస జరిగి, రెండు ఎపిసోడ్లకే ఆపేశారు. ఇది మీ అమ్మాయిని అడగండి, మీకంటే నాకంటే ఎక్కువ చెబుతుంది. ఆ తర్వాత ‘అంత కోపం ఎందుకొచ్చింది?’ అని అడగండి. అక్కడి నుంచి మీది చరిత్ర పాఠమే.

ప్రశ్న: అయోధ్య రాజకుమారి కొరియా వెళ్ళి మహారాణి అయిందని, లక్షలమంది కొరియన్లు మన సంతతేనని వాట్సాప్‌లో వస్తోంది. పిల్లలకి చెప్పొచ్చా?
— తెలుగు పండితుడు, కరీంనగర్

చెప్పండి, కథగా చెప్పండి. ‘సంగుక్ యుసా’ అనే పాత కొరియా గ్రంథంలో ఉంది ఆ కథ. ‘అయుత’ దేశపు రాకుమారి హో హ్వాంగ్ ఓక్ పదహారేళ్ళ వయసులో ఓడెక్కి వచ్చి, క్రీ.శ. 48లో కొరియాలోని గయా రాజ్యపు సురో రాజుని పెళ్ళాడిందని అందులో రాశారు. గిమ్హే పట్టణంలో ఆమె సమాధిగా పూజించే దిబ్బ ఉంది. గిమ్హే కిమ్‌లు, గిమ్హే హోలు అనే వంశాలవాళ్ళు తాము ఆమె సంతతి అని చెప్పుకుంటారు. 2001లో అయోధ్యలో ఆమె పేర స్మారకం కట్టారు. ఇవన్నీ నిజాలే.

కానీ ఆ గ్రంథం కూర్చినది ఇర్యన్ అనే బౌద్ధ భిక్షువు, 13వ శతాబ్దంలో. అంటే జరిగిందన్న పన్నెండొందల ఏళ్ళ తర్వాత. బుద్ధుడి దేశంతో చుట్టరికం కలిస్తే ఒక భిక్షువుకి ఎంత మురిపెమో మీకు నేను చెప్పాలా? ‘అయుత’ అంటే అయోధ్యేనా అన్నది కూడా తేలలేదు. ఈ మూడు ముక్కలూ బోర్డు మీద రాసి, నమ్మాలా వద్దా అన్నది పిల్లల్నే తేల్చుకోమనండి. గొప్పలు చెప్పుకోవడానికైతే వాట్సాప్ చాలు, దానికి బడి ఎందుకు?

నన్నడిగితే మీరు చెప్పాల్సిన అసలు మనిషి వేరే ఉన్నాడు. పేరు హ్యేచో. సిల్లా అనే పాత కొరియా రాజ్యంలో పుట్టిన భిక్షువు. 720ల్లో సముద్రం మీదుగా మన దేశం వచ్చి, తిరిగి తిరిగి, మధ్య ఆసియా మీదుగా 727లో చైనా సరిహద్దు చేరాడు. తను చూసినవన్నీ రాసుకున్నాడు. ఆ రాతప్రతి 1908లో చైనాలోని దున్హువాంగ్ గుహల్లో పాల్ పెలియో అనే ఫ్రెంచి పండితుడికి దొరికింది. ముందూ వెనకా చిరిగిపోయినా ఇప్పటికీ పారిస్ గ్రంథాలయంలో ఉంది. ఇందులో పుక్కిటి పురాణం లేదు, మనిషి ఉన్నాడు, కాగితం ఉంది.

దక్షిణ దేశపు కొండల్లో ఒక పెద్ద విహారం గురించి హ్యేచో రాశాడు. నాగార్జునాచార్యుడు యక్షుల చేత కట్టించాడట, స్తంభాలు కొండని తొలిచి చేశారట, మూడంతస్తులట, ఒకప్పుడు మూడు వేలమంది భిక్షువులుండేవారట, ఇప్పుడు పాడుపడిందట. ఆ కొండ పేరు చెప్పలేదు. కాబట్టి ‘అదిగో మన నాగార్జునకొండ’ అని ఎగిరి గంతేయకండి, అలాగని నోరు మూసుకోనూ వద్దు. మ్యాపు పరిచి ఎక్కడై ఉండొచ్చో వెతకమనండి.

ఆ దక్షిణ దేశంలోనే ఒక వెన్నెల రాత్రి ఆయనకి ఇల్లు గుర్తొచ్చి ఒక చిన్న పద్యం రాసుకున్నాడు. ఈ ఎండల దేశంలో అడవి బాతులు కూడా లేవే, మా ఊరికి నా కబురు ఎవరు మోసుకెళ్తారు అని దాని సారం. మీరు తెలుగు పండితులు. హంస రాయబారం తెలిసిన పిల్లల చేత ఆయనకి ఒక జవాబు పద్యం రాయించండి. ఆటవెలది చాలు.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయి పదో తరగతి. ‘కంఫర్ట్ విమెన్’ (జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా పెట్టుకున్న స్త్రీలు) గురించి పాఠం ఉందని తల్లిదండ్రులకి నోటీసు వచ్చింది. పదిహేనేళ్ళ పిల్లలకి ఇది అవసరమా? జపాన్ మీద ద్వేషం పెంచడం కాదా?
— ఒక తండ్రి, ఎడిసన్

అవసరమే. అయితే ఒంటరిగా వచ్చి పడకూడని పాఠం ఇది. దాని వెనక జపాన్ కొరియాని ఏలిన 35 ఏళ్ళున్నాయి. అవి చెప్పకుండా ఇది చెబితే మీ భయమే నిజమవుతుంది.

1910లో జపాన్ కొరియాని కలిపేసుకుంది. 1919 మార్చి 1న స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసిన 33 మంది పెద్దల్లో చాలామంది సియోల్లో ఒక హోటల్లో కూర్చుని చదివి, పోలీసులకి వాళ్ళే కబురు పెట్టి అరెస్టయ్యారు. అదే పూట పార్కులో కాచుకున్న విద్యార్థులు తామే చదివేసి రోడ్ల మీదికొచ్చారు. యు గ్వాన్ సున్ అనే పదహారేళ్ళ పిల్ల బడి మూసేస్తే సొంతూరు వెళ్ళి, ఏప్రిల్ 1న సంతలో జనాన్ని పోగేసింది. ఆ రోజు కాల్పుల్లో అమ్మా నాన్నా పోయారు, మరుసటేడు జైల్లో తనూ పోయింది. సరిగ్గా అదే నెలలో, ఏప్రిల్ 13న, అమృత్‌సర్‌లో ఏం జరిగిందో మీ అబ్బాయికి మీరు చెప్పండి. ఆ పని స్కూలు చేయదు.

తర్వాత భాష మీద పడ్డారు. 1938 నుంచి బళ్ళలో కొరియా భాషని పక్కకి నెట్టేశారు. 1940 నుంచి జపాన్ పద్ధతిలో పేర్లు పెట్టుకోమని ఒత్తిడి. 1942లో కొరియా భాషకి నిఘంటువు తయారుచేస్తున్న పండితుల్ని జైల్లో వేసి, ఏళ్ళ తరబడి కూర్చిన రాతప్రతిని కోర్టు సాక్ష్యంగా పట్టుకుపోయారు. 1945 సెప్టెంబరులో, జపాన్ ఓడిపోయాక, ఆ కట్ట సియోల్ రైల్వేస్టేషన్ గోదాములో దొరికింది. నేను ఈ పాఠానికి రెండు రోజులు తీసుకుంటాను. ఎందుకంటే తుపాకీ లేని అణచివేత ఎలా ఉంటుందో పిల్లలకి దీంతో తెలిసినట్టు ఇంకదేంతోనూ తెలియదు.

ఇంత నేపథ్యం ఉంటేనే జపాన్ సైన్యం స్త్రీలని లైంగిక బానిసత్వంలో పెట్టిన సంగతి ఒక సామ్రాజ్యం చేసిన పనిగా అర్థమవుతుంది. లేకపోతే ‘ఆ జాతే అంత’ అనే చోట ఆగిపోతుంది. నేను బొమ్మలు చూపించను. 1991 ఆగస్టు 14న కిమ్ హాక్ సున్ అనే పెద్దావిడ సొంత పేరుతో, సొంత మొహంతో పత్రికల ముందుకొచ్చి మాట్లాడింది. అంతకాలం ఎందుకు ఎవరూ మాట్లాడలేదు? ఈ ఒక్క ప్రశ్న చాలు గంటకి. అందులో జపాన్ తప్పు ఎంత, ఆ తర్వాత నలభై ఆరేళ్ళు ఆ ఆడవాళ్ళ నోరు నొక్కిన సొంత సమాజం తప్పు ఎంత అన్నదీ వస్తుంది. ఆ రెండో సగం ఎగ్గొట్టే టీచర్లుంటారు, అది నాకు నచ్చదు.

మరుసటేడు జనవరిలో సైన్యం ప్రమేయాన్ని చూపే పత్రాలు బయటపెట్టింది ఎవరనుకున్నారు? యోషిమి యోషియాకి. జపాన్ చరిత్రకారుడు, జపాన్ రక్షణశాఖ గ్రంథాలయంలోనే వెతికి పట్టుకున్నాడు. క్లాసులో ఒక్క జపాన్ పిల్ల ఉన్నా లేకున్నా ఈ పేరు చెప్పి తీరాలి. పైగా మీకు కారు ప్రయాణమంత దూరంలోనే, పాలిసేడ్స్ పార్కు గ్రంథాలయం దగ్గర, 2010లో పెట్టిన స్మారక ఫలకం ఉంది. మీరే తీసుకెళ్ళండి.

మా రాష్ట్రంలో ఇంకో రకం గొడవ. 2014లో వర్జీనియా చట్టం చేసింది, పాఠ్యపుస్తకాల్లో ‘జపాన్ సముద్రం’ అన్నచోట దానికి ‘తూర్పు సముద్రం’ అనే పేరూ ఉందని చెప్పాలని. ఒక సముద్రం పేరు కోసం ఇక్కడి శాసనసభలో అంత చర్చ ఎందుకు జరిగిందని పిల్లల్ని అడిగితే, మ్యాపు కూడా ఎవరో ఒకరు గీసిందేనన్న సంగతి వాళ్ళకి మొదటిసారి తడుతుంది.

ప్రశ్న: కొరియా యుద్ధానికి మనవాళ్ళు వెళ్ళారంటారు. పాఠాల్లో ఎక్కడా కనపడదేం?
— విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, విజయనగరం

వెళ్ళారు మాస్టారూ, రెండు విడతలుగా. మొదటిది 1950 నవంబరులో, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన 60వ పారాచ్యూట్ ఫీల్డ్ ఆంబులెన్స్, అంటే సైనిక వైద్యదళం. ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్యాంగ్ నుంచి ఐక్యరాజ్యసమితి సేనలన్నీ వెనక్కి పారిపోతున్నప్పుడు మందులూ సామానూ వదిలేసి రమ్మన్నారు. వీళ్ళు వదల్లేదు. ఒక పాత ఆవిరి ఇంజను పట్టుకుని, బకెట్లతో నీళ్ళు పోసి, రైలు తామే నడుపుకుని వచ్చారు. పిల్లలకి ఈ ఒక్కటి చెప్పినా చాలు, మర్చిపోరు.

రెండోది 1953 జూలై 27 కాల్పుల విరమణ తర్వాత. స్వదేశానికి తిరిగి వెళ్ళబోమన్న 22,000కు పైగా యుద్ధఖైదీల్ని మన సైన్యం కాపలా కాసింది. తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ భారత సైనికుల్ని తన నేల మీద కాలు పెట్టనివ్వనన్నాడు. దాంతో ఓడ దగ్గర నుంచి సరిహద్దు పట్టీకి హెలికాప్టర్లలో తీసుకెళ్ళాల్సి వచ్చింది. చివరికి ఎటూ వెళ్ళబోమన్న 88 మందిని మనవాళ్ళు వెంట తెచ్చుకున్నారు.

దీన్ని నేను ఆటగా ఆడిస్తాను. ఒక బల్ల వెనక అధికారులు, ముందు ఖైదీ. ఉత్తరమా, దక్షిణమా, మూడో దేశమా? ఖైదీకి ఒక చీటీ ఇస్తాను, అమ్మ ఎక్కడుందో, తమ్ముడు ఎక్కడున్నాడో రాసి ఉంటుంది. ఆట మొదలైన ఐదు నిమిషాలకి ఎవరూ నవ్వరు.

ప్రశ్న: ఉత్తర కొరియా అనగానే క్లాసంతా గొల్లున నవ్వుతారు. ఏం చేయాలి?
— ట్యూషన్ టీచర్, నిజామాబాద్

నాయకుడి ఫొటో తీసేయండి. 1983లో దక్షిణ కొరియా ప్రభుత్వ టీవీ, యుద్ధంలో విడిపోయిన కుటుంబాల్ని కలపడానికి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక్క రాత్రి అనుకున్నది 138 రోజులు నడిచింది, 10,000కు పైగా కుటుంబాలు కలిశాయి. అదీ దక్షిణాన ఉన్నవాళ్ళే, ఒకే దేశంలో ఉండి ముప్ఫై ఏళ్ళు ఒకరి జాడ ఒకరికి తెలియనివాళ్ళు. గీతకి అవతల ఉన్నవాళ్ళ సంగతేమిటని అప్పుడు అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి. కొరియా స్కూళ్ళు డ్రామాల్లో లాగే ఉంటాయా? నాకు అక్కడ చదవాలనుంది.
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

చిట్టితల్లీ, యూనిఫాం నిజమే, మార్చిలో బడి తెరవడం నిజమే, మధ్యాహ్నం అందరూ కలిసి బడిలోనే వేడి భోజనం తినడం నిజమే. సాయంత్రం చీపురు పట్టి గది ఊడ్చుకోవాలి, అది డ్రామాలో ఎక్కువ చూపించరు. ఆ తర్వాత ‘హాగ్వన్’ అనే ట్యూషన్ సెంటర్లు. రాత్రి పది దాటాక నడపకూడదని సియోల్లో నిబంధనే పెట్టాల్సి వచ్చిందంటే అర్థం చేసుకో. నవంబరులో ‘సునుంగ్’ పరీక్ష రోజు ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులు బండి మీద దింపుతారు. ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరిగే అరగంటసేపు విమానాలు దిగవు, ఎగరవు. మన ఇంటర్ హాస్టళ్ళ పిల్లలకి విమానాలు ఆపేవాళ్ళు లేరు గానీ మిగతాదంతా నీకు తెలిసిన లోకమే. వెళ్ళాలనుంటే భాష ఇప్పుడే మొదలుపెట్టు. అక్షరాల సంగతి పైన పెనుకొండ సారుకి రాశాను, అది చదివి నీ పేరు రాసి పంపు, దిద్దుతాను.

ప్రశ్న: క్లాసులో కిమ్చి (కొరియావాళ్ళ క్యాబేజీ పచ్చడి) తయారుచేయించి పిల్లలకి పెడదామనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉందా?
— ప్రైవేటు స్కూలు టీచర్, విశాఖపట్నం

చేయించండి. కొని పెట్టేటట్టయితే మాత్రం ముందు సీసా మీద అచ్చు చదవండి. కొట్లో దొరికే కిమ్చిలో చాలావరకు ఉప్పులో ఊరిన రొయ్యలో, చేపల రసమో ఉంటాయి. శాకాహారుల ఇళ్ళ పిల్లలకి తెలియక పెడితే మర్నాడు పొద్దున్న మీ హెడ్మాస్టరు గదిలో పెద్ద సభ జరుగుతుంది. కొరియా బౌద్ధాలయాల్లో అవేవీ లేకుండా, వెల్లుల్లి కూడా లేకుండా చేస్తారు, ఆ పద్ధతి పట్టుకోండి. రొయ్యలు పడని పిల్లలున్నారేమో ముందే రాతపూర్వకంగా అడగండి. చలికాలం ముందు వాడంతా కలిసి కిమ్చి పెట్టుకోవడాన్ని ‘కిమ్జాంగ్’ అంటారు. మన ఆవకాయ రోజుల హడావుడి అనుకోండి. దాన్ని యునెస్కో 2013లో దక్షిణ కొరియా పేర, 2015లో ఉత్తర కొరియా పేర విడివిడిగా జాబితాలో చేర్చింది. క్యాబేజీ ఉప్పులో నానేసరికి కొన్ని గంటలు పడుతుంది, కాబట్టి ముందు రోజు సాయంత్రమే నానబెట్టుకుని రండి. చేతి తొడుగులు మర్చిపోకండి, కారం కళ్ళలో పడితే నన్ను అడగొద్దు.